అంగుళానికి ఇరవై ఒక్క పళ్లు

ఫిబ్రవరి 4
వర్క్‌షాపు పక్క గది

చిరంజీవి ఎందుకమ్మకు,

ఈ రోజు ఫిబ్రవరి నాలుగు. ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, నిన్న మేస్త్రీ వచ్చి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. మీ తాతయ్య పోయి ఆరేళ్లయింది. చెక్కను నునుపు చేసే ఆకురాయికి చేత్తో పళ్లు కొట్టడం తెలిసిన మనిషి మన వర్క్‌షాపులో ఇక మేస్త్రీ ఒక్కడే. అతని చెయ్యి గ్లాసునే నిలపలేనప్పుడు సుత్తిని నిలపలేదు. మిగిలినవి నా నోటుపుస్తకాలు.

కాబట్టి నీ సంస్థ అడిగిన వివరణ రాసేశాను. ఈ కవరులో అరవై నాలుగు పేజీలున్నాయి. లెక్కపెట్టుకుని, అందినట్టు రాయి. ఫోను చెయ్యకు. ఫోనులో అన్న మాటకు తేదీ ఉండదు.

మీ వాళ్లు పంపిన పత్రంలో "వృత్తితో మీకున్న అనుబంధం" అని ఒక శీర్షిక పెట్టి రెండు పేజీలు ఖాళీ వదిలారు. అవి ఖాళీగానే పంపుతున్నాను. నా అనుబంధం చదివి ఎవరూ ఆకురాయి చెయ్యలేరు.

పని ఇంత: మెత్తబరిచిన ఉక్కు ముక్కను సీసపు దిమ్మ మీద పెట్టి ఉలితో ఒక దెబ్బ వెయ్యాలి. దెబ్బకు పక్కన చిన్న గట్టు లేస్తుంది. ఉలిని మళ్లీ ముక్క మీద ఆనించి జరిపితే ఆ గట్టుకు తగిలి ఆగుతుంది. ఆగినచోట రెండో దెబ్బ. దెబ్బ బరువెక్కితే గట్టు పెద్దదై పళ్లు దూరమవుతాయి. తేలికైతే దగ్గరవుతాయి. ఇందులో కంటికి పని లేదు. మీ తాతయ్య కిటికీలోంచి వీధిలో వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూ కొట్టేవారు. కొట్టినవి నా బల్ల మీదికి వచ్చేవి. కొలిచి, లెక్కపెట్టి, తేదీ వేసి రాసేదాన్ని. ఆయనది చెయ్యి, నాది కొలబద్ద. ముప్ఫై ఎనిమిదేళ్లు అలా జరిగింది.

వాద్యాలు చేసేవాళ్లు మన దగ్గర కొనే సన్న ఆకురాయికి అంగుళానికి ఇరవై ఒక్క పళ్లు. ముప్ఫై ఒకటో పేజీ చూడు.

ఆశీస్సులతో,
అమ్మమ్మ


ఫిబ్రవరి 15
సంస్థ, మూడో అంతస్తు

అమ్మమ్మకి నమస్కారాలు,

అరవై నాలుగు పేజీలూ అందాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. నువ్వు మూడోసారి అడుగుతావని మూడోసారి కూడా.

ఇక్కడి పద్ధతి చెప్తాను. వచ్చిన వివరణను మేం అలాగే అచ్చు వెయ్యం. ఆ పని ఎప్పుడూ చెయ్యని మనిషికి ఆ కాగితాలు మాత్రం ఇస్తాం. ఎవరూ పక్కన నిలబడి చెప్పకూడదు. చదువుకుని చేసిన వస్తువు పనికొస్తే ఆ రాత "పద్ధతులు" అనే సంపుటంలోకి వెళ్తుంది. మూడు అవకాశాలుంటాయి. నీ రాతకు సంపాదకురాలిని నేనే. నా పేరు అచ్చులో పడటం ఇదే మొదటిసారి.

నీ కాగితాలకు నేను రాసిన నకలు ఇచ్చింది కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడకి. మేం మెకానిక్ అక్క అంటాం. పది పేజీలు చదివి తలెత్తి, "సుత్తి పట్టుకున్నప్పుడు చిటికెనవేలు ఎక్కడుండాలో కూడా రాసిందే మీ అమ్మమ్మ! ఈవిడ నాకు అత్తగారు కాలేదు, బతికిపోయాను" అంది.

నీ
ఎందుకమ్మ


ఏప్రిల్ 2
సంస్థ

అమ్మమ్మకి,

మొదటి ఆకురాయి అయింది. కానీ నెగ్గలేదు.

అక్క పళ్లు కొట్టింది, ఉప్పూ పిండీ కలిపిన పూత వేసింది, కొలిమిలో ఎర్రబడనిచ్చి ఉప్పునీళ్లలో ముంచింది. పగల్లేదు, వంగలేదు. తీగ వాద్యాలు చేసే పెద్దాయన్ని పిలిపించాం. ముప్ఫై ఏళ్లు తాతయ్య ఆకురాళ్లే వాడిన మనిషి. చెక్క మీద నాలుగుసార్లు రుద్ది, వేలితో తడిమి, "ఇది నునుపు చెయ్యడం లేదమ్మా, పిల్లి గీరినట్టు గీరుతోంది" అన్నారు.

రెండు అవకాశాలు మిగిలాయి. ఏం చేద్దాం?

ఎందుకమ్మ


ఏప్రిల్ 9
వర్క్‌షాపు పక్క గది

చిరంజీవి ఎందుకమ్మకు,

ఇరవై మూడో పేజీ చదవమను. ఉలి నిటారుగా పట్టి ఉంటుంది. ఎంత వాల్చాలో బొమ్మ గీసి మరీ ఇచ్చాను. బొమ్మ ఉన్నది చూడటానికి.

పిల్లి గీరినట్టు అన్న పెద్దాయన మన దగ్గర నూట పన్నెండు ఆకురాళ్లు తీసుకున్నాడు. ఒక్కటీ తిప్పి పంపలేదు. ఆయన మాట కొట్టెయ్యడానికి లేదు. తప్పు చేతిలో ఉంది, కాగితంలో లేదు.

మెకానిక్ అక్కకు చెప్పు: నేను అత్తగారినే. ఇద్దరు కోడళ్లు. ఇద్దరూ బతికే ఉన్నారు.

అమ్మమ్మ


మే 11
సంస్థ

అమ్మమ్మకి,

నేను క్షేమం. నువ్వు వేళకు తింటున్నావా? ఎండలు ముదిరాయి, మధ్యాహ్నం వర్క్‌షాపు గదిలో కూర్చోకు. మోకాలి నొప్పి ఎలా ఉంది? పని సంగతి నెమ్మదిగా చూద్దాం, తొందరేం లేదు. నీ ఆరోగ్యం ముఖ్యం.

ఎందుకమ్మ


మే 18
వర్క్‌షాపు పక్క గది

ఎందుకమ్మకు,

ఆరు వాక్యాల ఉత్తరంలో నాలుగు నా ఒంటి గురించే. నాకు మోకాలి నొప్పి లేదు. అది మీ పెద్దమ్మకు. మాట దాచేటప్పుడు మోకాలు ఎవరిదో అయినా సరిగ్గా చూసుకో.

రెండోసారి కూడా ఓడిపోయిందని అర్థమయింది. ఇంకేదో కూడా ఉంది. అది రాయి.

అమ్మమ్మ


మే 24
సంస్థ

అమ్మమ్మకి,

రాస్తున్నాను. కోప్పడినా రాయమన్నది నువ్వే.

రెండోసారి అక్క ఉలిని నీ బొమ్మ పక్కనే పెట్టి చూసుకుంటూ కొట్టింది. మళ్లీ గీరింది. మా డైరెక్టరు గారు నీ కాగితాలు తిరగేసి, "పెద్దావిడ ఎంతో ప్రేమగా రాసుకున్నారు. మూడోసారి ఎందుకు శ్రమ? దీన్ని 'జ్ఞాపకాలు' సంపుటంలో వేద్దాం" అన్నారు. జూలై ఆఖరు దాకా గడువు అడిగాను. ఇచ్చారు.

ఇంకో సంగతి. అక్క ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"మీ అమ్మమ్మ చెప్పిన సుత్తి పట్టుకుని, ఆవిడ చెప్పినట్టు మణికట్టుతో తేలిగ్గా వేస్తే అంగుళానికి ఇరవై నాలుగు పడుతున్నాయి. కాగితమేమో ఇరవై ఒకటి అంటోంది. అందుకని రెండుసార్లూ కావాలనే గట్టిగా కొట్టా. చెయ్యి ఒకటి చెప్తోంది, కాగితం ఇంకోటి చెప్తోంది. నేనెవరి మాట వినాలి?"

నాకు అనుమానమొచ్చి, వాద్యాల పెద్దాయన దగ్గరున్న తాతయ్య ఆకురాయి అడిగి తెచ్చాను. భూతద్దం పెట్టి లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. ఇరవై ఒకటి కాదు.

ఎందుకమ్మ


మే 31
వర్క్‌షాపు పక్క గది

ఎందుకమ్మకు,

ప్రేమగానా? అరవై నాలుగు పేజీల్లో ఆ మాట ఎక్కడుందో పేజీ నంబరుతో చూపించమను మీ డైరెక్టరు గారిని. నేను జ్ఞాపకాలు రాయలేదు. కొలతలు రాశాను. జ్ఞాపకాల్లో వేస్తే ఈ పని చదివి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఉంటారు, చేసేవాళ్లు ఉండరు.

ఇక లెక్క. నీ ఉత్తరం చదివి వెంటనే బీరువాలో మిగిలిన ఆకురాళ్లు ఏడు తీసి, ఏడింటికీ నా కొలబద్ద పెట్టి లెక్కించాను. ఇరవై ఒకటి, ఇరవై ఒకటి, ఏడుసార్లూ ఇరవై ఒకటే. మీ సంస్థ కొలబద్ద మార్పించు.

పెద్దాయన దగ్గరున్నది పాతదేమో. తొలి రోజుల్లో ఇరవై నాలుగు ఉన్న మాట నిజమే. నోటుపుస్తకాల్లో ఉంది. మొదటి పన్నెండేళ్లు ఇరవై నాలుగు, తర్వాత ఇరవై మూడు, ఆ తర్వాత ఇరవై రెండు, చివరి తొమ్మిదేళ్లు ఇరవై ఒకటి. వయసుతో మీ తాతయ్య చెయ్యి బరువెక్కింది. ముప్ఫై రెండో పేజీలో ఆ వాక్యం కూడా రాశాను. అప్పట్లో ఆయనతోనూ అన్నాను. "అలాగా" అన్నారు.

చివరి తొమ్మిదేళ్ల సరుకుకే పేరెక్కువ. అందుకే ఆ లెక్క ఇచ్చాను.

అమ్మమ్మ


జూన్ 6
సంస్థ

అమ్మమ్మకి,

ఒక్క పని చెయ్యి, ఎందుకని అడక్కు. నాకు ఈ పేరు తెచ్చిన ఆ మాట నాది కదా.

కొలబద్ద అంచు నుంచి ఒకటి దాకా లెక్కపెట్టకు. నాలుగు అంకె దగ్గర్నుంచి అయిదు దాకా లెక్కపెట్టు.

ఎందుకమ్మ


జూన్ 11
వర్క్‌షాపు పక్క గది

ఎందుకమ్మకు,

ఇరవై నాలుగు. ఏడింటికీ.

మిగతాది వారం తర్వాత రాస్తాను.

అమ్మమ్మ


జూన్ 19
వర్క్‌షాపు పక్క గది

చిరంజీవి ఎందుకమ్మకు,

వారం తీసుకుంటానన్నాను. ఎనిమిది రోజులయింది.

నా కొలబద్ద టేకుది. అంగుళానికి ఎనిమిది గీతలు. మొదటి అంగుళంలో ఏడే ఉన్నాయి. నేనెప్పుడూ గీతలు లెక్కపెట్టలేదు, అంకె మాత్రం చూశాను. అంచు ఎంత తిన్నగా ఉందంటే, నిన్న వడ్రంగికి చూపిస్తే "కొత్త బద్దండీ?" అన్నాడు.

మేస్త్రీని పిలిపించి బల్ల మీద పెట్టి అడిగాను. సంభాషణ ఇది:

"ఇదేమిటి మేస్త్రీ?"

"మీ కొలబద్ద అమ్మగారూ."

"అది నాకూ తెలుసు. ఎనిమిదో వంతు అంగుళం ఎక్కడికి పోయింది?"

టీ తాగమన్నాను. తాగి, అప్పుడు చెప్పాడు. "మీ బల్ల మీద సరుకు పెట్టే ముందు అయ్యగారూ నేనూ ఒక్కసారి ఏదో ఒకదాని మీద రుద్ది చప్పుడు వినేవాళ్లం కదమ్మా. చేతికందేది మీ బద్ద అంచే. రోజుకు పది, పన్నెండు ఆకురాళ్లు..."

"అరుగుతోందని మీకు తెలుసా?"

"తెలియకేం అమ్మగారూ. అందరికీ తెలుసు."

"ఒక్కడికీ నోరు లేదా?"

"మీతో 'మీ కొలత తప్పు' అనే నోరా? మా ఇంట్లో పిల్లలున్నారమ్మా!"

నవ్వాడు. నేను నవ్వలేదు. తర్వాత అతనే నెమ్మదిగా అన్నాడు. "అయ్యగారికి చెప్పాను ఒకసారి. మీరేమో ఆయన చెయ్యి బరువెక్కిందని రాస్తున్నారు, మాకు మనసొప్పలేదు. ఆయన వద్దన్నారు. 'ఆవిడ ఎవర్నీ నమ్మదు, ఆ బద్దను తప్ప. అది కూడా లేకుండా చెయ్యమంటావా? నా చెయ్యి బరువెక్కిందనుకుంటే నాకేం పోయిందిరా' అన్నారమ్మా."

అది విని అతన్ని పంపించేశాను.

ఎందుకమ్మా, వాళ్లు రుద్దడం నేను చూడలేదని కాదు. రోజూ చూశాను. సాయంత్రం బల్ల మీద పడ్డ పొడిని నేనే తుడిచాను. ఆ ఎనిమిదో వంతు అంగుళాన్ని ముప్ఫై ఎనిమిదేళ్ల పాటు నా చేత్తోనే ఊడ్చి బయట పోశాను. లెక్కలో రాయలేదు. ఇంకొక వర్క్‌షాపులో అయితే అంచు వంకరగా అరిగేది, నెలలో పట్టుకునేదాన్ని. వీళ్లు చేసిన ఆకురాళ్లు అంత మంచివి కాబట్టి అంత తిన్నగా అరిగింది.

తర్వాత బీరువా అడుగున నూనెగుడ్డలో చుట్టిన ఆకురాయి తీశాను. మా పెళ్లయిన ఏట కొట్టినది. ఆయన పోయిన ఏట కొట్టినదాన్ని పక్కన పెట్టాను. నాలుగు నుంచి అయిదు దాకా లెక్కించాను. ఇరవై నాలుగు, ఇరవై నాలుగు.

ముప్ఫై ఎనిమిదేళ్లు కిటికీలోంచి వీధి చూస్తూ, కబుర్లు చెప్తూ కొట్టిన చెయ్యి ఒక్క పన్ను తేడా రానివ్వలేదు. ఇంతకంటే ఏం కావాలి? నా నోటుపుస్తకాల్లో ఇరవై నాలుగు ఇరవై మూడయిన ఏటికి నా బద్ద అంగుళంలో ఇరవై నాలుగో వంతు అరిగింది. ఇరవై రెండయిన ఏటికి మరో వంతు. ఏ సంవత్సరం నా కొలత ఎంత తప్పో ఆయన చేతిని బట్టి ఇప్పుడు చెప్పగలను. వెనక్కి వెళ్లి అన్నీ దిద్దవచ్చు. దిద్దుతున్నాను. ఎనభై నాలుగు నోటుపుస్తకాల్లో తొమ్మిది పూర్తయ్యాయి.

మెకానిక్ అక్కకు చెప్పు: చెయ్యి మాట వినమను.

అమ్మమ్మ


ఆగస్టు 2
సంస్థ

అమ్మమ్మకి,

నెగ్గాం! మొదటి వాక్యంలోనే చెప్పాలని రాత్రి నుంచీ ఆపుకుంటున్నాను.

అక్క మూడోది జూలై ఇరవై ఆరున మొదలుపెట్టింది. ఈసారి మణికట్టు వదులుగా పెట్టి, లెక్క చూడకుండా, పక్క గదిలో టైపు చేసే అమ్మాయితో కబుర్లాడుతూ కొట్టింది. అయ్యాక లెక్కపెడితే ఇరవై నాలుగు. నీళ్లలో ముంచి తీసి, బ్రష్‌తో పూత కడిగేస్తూ, "పళ్లు చూడండి, పెళ్లికూతురికి కూడా ఇంత వరస ఉండదు" అంది. వాద్యాల పెద్దాయనకి ఎవరు చేశారో చెప్పకుండా ఇచ్చాం. నాలుగుసార్లు రుద్దారు. అయిదోసారి కూడా రుద్దారు, అక్కర్లేకపోయినా. "ఆయన పోయారన్నారు కదా, ఇదెక్కడ దొరికింది?" అన్నారు.

అమ్మమ్మా, అప్పుడు అక్క మొహం నువ్వు చూడాల్సింది.

నీ రాత "పద్ధతులు"లో వేస్తున్నారు. డైరెక్టరు గారే సంతకం చేశారు.

ఇంకొకటి. కొలబద్ద సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. అక్కకిచ్చిన నకలులో ఇరవై నాలుగుని ఇరవై ఒకటిగా రాసింది నేనే, పొరపాటు నాదే అని చెప్పాను. సార్ కోప్పడి, సంపాదకుల వరసలోంచి నా పేరు తీసి నకలు రాసినవాళ్లలో వేశారు. ఫర్వాలేదు, వచ్చే సంపుటం ఉంది కదా. నీ కాగితాల మీద మచ్చ ఉండకూడదు. నువ్వు ఏమీ అనకు, అయిపోయింది.

నీ
ఎందుకమ్మ


ఆగస్టు 9
వర్క్‌షాపు పక్క గది

చిరంజీవి ఎందుకమ్మకు,

ఈ రోజు ఆగస్టు తొమ్మిది. నీ ఉత్తరం పదకొండు గంటలకు వచ్చింది. మూడుసార్లు చదివాను. మొదటి పేజీ చదివి లేచి వర్క్‌షాపు తలుపులు తెరిచి కాసేపు సీసపు దిమ్మ దగ్గర నిలబడ్డాను. రెండో పేజీ చదివి కాగితం, కలం తీశాను.

ముప్ఫై ఎనిమిదేళ్లు ఈ ఇంట్లో మగవాళ్లు, ఆడవాళ్లు, పనివాళ్లు ఎవరూ నాతో "మీ లెక్క చూసుకోండి" అనలేదు. మీ తాతయ్య కూడా నా మీద దయతో నోరు మూసుకున్నారు. ఆ దయ వల్ల ఆయన పని "జ్ఞాపకాలు"లో పూడిపోయేది. నువ్వు అడిగావు. నిన్ను చిన్నప్పుడు "ఎందుకు, ఎందుకు" అన్నందుకు గోడ దగ్గర నిలబెట్టాను. అది నా తప్పు అని ఈ ఉత్తరంలో రాస్తున్నాను, తేదీతో సహా.

అంత చేసి, చివరకు నువ్వు కూడా ఆయన దారే పట్టావు. నన్ను కాపాడటానికి నీ పేరు కొట్టేయించుకున్నావు. నీ ధైర్యానికి గర్వపడుతున్నాను. నీ అబద్ధానికి కాదు. నా రాతలో తప్పుంటే మచ్చ కాదు. తప్పు ఎలా వచ్చిందో రాయకపోతే మచ్చ. రేపు ఇంకో వర్క్‌షాపులో ఇంకో ఆవిడ ఇలాగే కొలుస్తూ ఉండవచ్చు.

ఇక జరగాల్సినవి:

1. ఈ ఉత్తరం డైరెక్టరు గారికి చూపించాలి. ఆయనకు విడిగా రిజిస్టరు పోస్టులో కూడా రాశాను. కాబట్టి చూపించకుండా ఉండే దారి లేదు.

2. సంపాదకుల్లో నీ పేరు మళ్లీ వెయ్యాలి. వెయ్యకపోతే అరవై నాలుగు పేజీలూ వెనక్కి పంపమని రాశాను.

3. ముప్ఫై ఒకటో పేజీలో "ఇరవై నాలుగు" అని వెయ్యాలి. దాని కిందే, మొదట ఇరవై ఒకటి అని ఎందుకు రాశానో, కొలబద్ద ఎలా అరిగిందో వెయ్యాలి. అదే సైజు అక్షరాల్లో. పేజీ అడుగున చీమల్లా వద్దు.

4. ముప్ఫై రెండో పేజీలో "వయసుతో ఆయన చెయ్యి బరువెక్కింది" అన్న వాక్యం కొట్టెయ్యాలి. దాని చోట ఏమీ రాయక్కర్లేదు.

5. ఏ సంవత్సరం నా కొలతలను ఎంత సరిచెయ్యాలో పట్టిక జత చేశాను. ఇది అరవై అయిదో పేజీ. లెక్కపెట్టుకో.

6. మెకానిక్ అక్క ఇంకా పది కొట్టాలి. ఒకటి నెగ్గితే అదృష్టం కావచ్చు. పది నెగ్గితే పని వచ్చినట్టు. తర్వాత ఆవిడకు మన సీసపు దిమ్మ, ఉలులు పంపిస్తాను. మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఏర్పాటు చూడు.

7. సంపుటం అచ్చయ్యాక మొదటి ప్రతి వాద్యాల పెద్దాయనకు ఇవ్వాలి. రెండోది నాకు.

8. మేస్త్రీ సోమవారం పదింటికి వస్తున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్లలో అందరికీ తెలిసి నాకు చెప్పని మిగతావన్నీ చెప్పాలి. మొదట "ఇంకేం లేవమ్మగారూ" అన్నాడు. తర్వాత "ఎన్ని రోజులు కూర్చోవాలి?" అన్నాడు. రెండు కట్టల కాగితం తెప్పించాను.

అమ్మమ్మ